చిన్న ఇంట్లో ఆర్‌సీ విమానాలు: రెక్కలు, బాడీలు, బ్యాటరీలు దాచే పద్ధతి

అందరికీ నమస్కారం. ఒకటి రెండు గదుల్లో కాపురం ఉంటూ మూడు నాలుగు ఆర్‌సీ విమానాలు, అంటే రేడియో రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాలు, పెట్టుకున్నవాళ్ల కోసం ఈ మాటలు. షెడ్డో గ్యారేజీయో ఉన్నవాళ్లు కూడా వినొచ్చు. రెక్కలు వంకరపోయే కారణాలు అక్కడా ఇవే.

విమానం ఎక్కడ పెట్టాలి అనగానే అందరి కళ్లూ ఖాళీ కోసం వెతుకుతాయి. అల్మరా పైన, మంచం కింద, తలుపు వెనక. ఖాళీ కనబడగానే దూర్చేస్తాం. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అలా పెడితే బరువు ఏ భాగం మీద ఆనుతోంది? గాల్లో రెక్క భారం మోసేది కొన్ని నిమిషాలు. ఇంట్లో తన బరువును తానే నెలల తరబడి, ఒకే భంగిమలో మోస్తుంది. ఫోమ్‌కి ఒక గుణం ఉంది. కొద్దిపాటి ఒత్తిడి అయినా చాలాకాలం పడితే మెల్లగా జారి, ఆ వంపులోనే స్థిరపడుతుంది. వేడి తోడైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. బాల్సా అనే తేలిక కర్రతో చేసిన రెక్కకు అదే పని తేమ చేస్తుంది.

అందుకని విమానాన్ని ఒక్క వస్తువుగా చూడొద్దు. రెక్క, బాడీ, బ్యాటరీ, ఇంధనం: ఇవి నాలుగు వేర్వేరు సామాన్లు. నాలుగింటికీ నాలుగు చోట్లు కావాలి. బిగించిన విమానాన్ని బిగించినట్టే ఉంచాలనుకుంటే చిన్న ఇల్లు ఎప్పటికీ చాలదు.

కొనేముందే చూసుకోవాల్సిన కొలత ఒకటుంది. డబ్బా మీద రెక్కల విస్తారం పెద్ద అక్షరాల్లో వేస్తారు. మనకు కావలసింది అది కాదు, అన్నీ విప్పాక మిగిలే అతి పొడవైన ముక్క ఎంత అన్నది. రెండు ముక్కల రెక్క ఉన్న 2 మీటర్ల గ్లైడర్ విప్పితే ఒక్కో సగం 1 మీటరు. ఒకే ముక్క రెక్క ఉన్న 1.4 మీటర్ల ట్రైనర్‌కు, అంటే నేర్చుకునేవాళ్ల విమానానికి, ఎప్పుడూ 1.4 మీటర్ల గోడ కావాలి. చిన్నదని తెచ్చుకున్నదే ఇంట్లో పెద్దదైపోతుంది. ఆ తర్వాత చూడాల్సింది అడ్డం తోక. బాడీ వెడల్పు 120 మి.మీ. ఉంటే అడ్డం తోక 500 మి.మీ. ఉంటుంది. చోటంతా తినేసేది అదే, దెబ్బలు తినేదీ అదే. రెండు స్క్రూలతో ఊడొచ్చే తోక ఉన్న మోడల్ దొరికితే, మిగతా గుణాలు కాస్త అటూ ఇటూ అయినా దాన్నే తీసుకోండి.

ఇప్పుడు రెక్కల సంగతి.

రెక్కను బల్లపరుపుగా పడుకోబెట్టాల్సి వస్తే, ఆనింపు రెండు చోట్ల ఇవ్వండి. ఎక్కడ? ఒక్కో కొస నుంచి మొత్తం పొడవులో 22 శాతం లోపలికి. పొడవునా ఒకే మందం ఉన్న కడ్డీ అతి తక్కువ వంగేది ఆ రెండు చోట్ల ఆనించినప్పుడే. రెక్క కొసల దగ్గర సన్నబడుతుంది కాబట్టి లెక్క కొంచెం మారుతుంది గానీ, మన పనికి ఇది సరిపోతుంది. 1400 మి.మీ. రెక్కకు కొసల నుంచి సుమారు 310 మి.మీ., రెండు ఆనింపుల మధ్య 780. సగం రెక్క 700 మి.మీ. అయితే కొసల నుంచి 155, మధ్యలో 390. చాలామంది కొసల దగ్గర రెండు మేకులు కొట్టి వాటిమీద పెడతారు. అప్పుడు మధ్య భాగం కిందికి దిగుతుంది, రెక్కలు పైకి ఎత్తి ఉండే కోణం (డైహెడ్రల్) మారిపోతుంది. ఇంకొందరు మధ్యలో ఒక్క మేకు మీద నిలబెడతారు. కొసలు రెండూ వాలతాయి.

ఇంతకంటే మంచిది రెక్కను ముందంచు మీద నిలబెట్టడం. పడుకున్న రెక్క వంగే దిశలో దాని మందం 25 మి.మీ. మాత్రమే. నిలబెడితే వంగాల్సిన దిశలో వెడల్పంతా, అంటే 200 మి.మీ. పైన, అడ్డుగా నిలుస్తుంది. ఇక వంగే ప్రశ్నే రాదు. పుస్తకాల అరలో పుస్తకాలు నిలబెట్టినట్టు సగం రెక్కలు నాలుగైదు పక్కపక్కన నిలబడిపోతాయి. అరలో అడుగున 20 మి.మీ. మెత్తటి ఫోమ్ పట్టీ వేసి, రెక్క రెక్కకూ మధ్య 60 మి.మీ. ఎడంతో చీలికలు కోస్తే చాలు. చీలికలో దిగేది ఎప్పుడూ ముందంచే. వెనకంచు సన్నగా ఉంటుంది, విమానాన్ని పక్కకు వాల్చే కదిలే పలక, అంటే ఐలరాన్, అక్కడే ఉంటుంది. దానిమీద బరువు పడితే కీలు దగ్గర మడత శాశ్వతమైపోతుంది. ఐలరాన్ హార్న్‌లు (బయటికి పొడుచుకొచ్చే చిన్న కొమ్ములు), లింకేజీలు (వాటికి తగిలించే కడ్డీలు) అన్నీ ఒకే వైపు తిరిగేలా పెట్టండి. ఎదురెదురుగా పెడితే ఒకదాని హార్న్ పక్కదాని మీద అంటించిన పలచటి పొరను (కవరింగ్) చీలుస్తుంది.

రెక్కలకు సంచులు కుట్టుకుంటే గీతలు పడవు. 700 మి.మీ. పొడవు, 230 వెడల్పు ఉన్న సగం రెక్కకు 760 మి.మీ. పొడవు, 580 వెడల్పు ముక్క తీసుకుని మధ్యకు మడవండి. ఒక పొడవు వైపు, ఒక కొస కుట్టేస్తే సంచి తయారు. వేడిని ఆపే వెండిరంగు బుడగల షీటు దీనికి బాగుంటుంది. దానికి రెండు వైపులా నునుపు పొర ఉండేలా చూడండి. ఒక వైపు బుడగలు బయటికి ఉండే ప్యాకింగ్ షీటు వద్దు. వేడికి ఆ బుడగల అచ్చులు కవరింగ్ ఫిల్మ్ మీద గుండ్రంగా పడిపోతాయి, ఇస్త్రీతో కూడా పూర్తిగా పోవు. సంచి నోరు బిగించి మూయొద్దు. లోపల చిక్కుకున్న తేమ బయటికి పోవాలి.

రెక్క జాయినర్ గొట్టం, నైలాన్ బోల్టులు, చిన్న స్క్రూలు అదే సంచికి కుట్టిన జేబులో ఉండాలి. చిన్న విషయమే. కానీ మైదానానికి వెళ్లాక ఒక బోల్టు తక్కువైతే ఆ రోజు ఎగరేయడం అయిపోయినట్టే. రబ్బరు బ్యాండ్లతో రెక్క కట్టే మోడల్ అయితే వాటిని విప్పే ఉంచండి. బిగించి వదిలేస్తే వెనకంచులోకి గాట్లు దిగుతాయి. బ్యాండ్లు కూడా సాగి పనికిరాకుండా పోతాయి.

బాడీల దగ్గరికొద్దాం. వీటిని నేలమీద చక్రాల మీద నిలబెడితే చోటు పోతుంది, ఫోమ్ చక్రాలకు ఒక వైపు చదును పడుతుంది. తోక కిందికి పెట్టి మూలన నిలబెట్టడం మరీ తప్పు. బరువంతా తోకలో కదిలే పలకలైన ఎలివేటర్, రడ్డర్ మీద పడి, అక్కణ్నుంచి వాటిని కదిపే పుష్‌రాడ్ కడ్డీ ద్వారా సర్వో (ఆ కడ్డీని తోసే చిన్న మోటారు) పళ్ల మీదికి వెళుతుంది. చెయ్యి తగిలి బాడీ ఒకసారి అదిరితే చాలు, ప్లాస్టిక్ గేర్ల సర్వోలో ఒక పన్ను ఊడుతుంది. అది ఇంట్లో తెలియదు, గాల్లో తెలుస్తుంది.

గోడకు నిలువుగా వేలాడదీయండి. రెక్క పైన కూర్చునే మామూలు ట్రైనర్‌కు రెక్క తీసేశాక బాడీలో ఒక ఖాళీ కనబడుతుంది కదా, ఆ ఖాళీలోకి దూరేలా గోడకు ఒక గూటం బిగించాలి. 25 మి.మీ. గుండ్రటి కర్ర, గోడ నుంచి 250 మి.మీ. బయటికి, కొస రవ్వంత పైకి ఎత్తి. దానికి నీళ్ల పైపులకు తొడిగే ఫోమ్ తొడుగు వేయండి. బాడీ పైభాగం గోడవైపు తిరిగి ఉంటుంది, నిలువు తోక గోడకూ బాడీకీ మధ్య ఖాళీలో ఇమిడిపోతుంది. ముక్కు పైకి పెడితే ఆ ఖాళీ ముందువైపున్న అడ్డుపలక గూటం మీద ఆనుతుంది. ముక్కు కిందికి పెడితే వెనకవైపు అడ్డుపలక ఆనుతుంది. బాడీలో గట్టి చోట్లు ఈ రెండే. విమానం సీజీ, అంటే బరువు సమతూకంలో ఉండే చోటు, ఈ రెండు పలకల మధ్యే ఉంటుంది కాబట్టి ఎటు తిప్పి పెట్టినా తిన్నగానే వేలాడుతుంది. ఒక్క జాగ్రత్త. బ్యాటరీ తీసేశాక సీజీ వెనక్కి జరుగుతుంది. ముక్కు కిందికి పెట్టిన బాడీ కొన్నిసార్లు తిరగబడబోతుంది. అందుకని తోక పక్కన గోడకు ఒక మెత్తటి గుడ్డ పట్టీ వదులుగా కట్టండి.

ముక్కు కిందికి ఎందుకు అంటారా? చోటు కోసం. పక్కపక్కన మూడు బాడీలు ముక్కు పైకే పెడితే మూడు తోకలు ఒకే ఎత్తులో గుద్దుకుంటాయి. ఒక్కో తోకకు 500 మి.మీ. చొప్పున, మధ్యలో ఎడం కలిపి 1540 మి.మీ. గోడ కావాలి. మధ్యదాన్ని తిరగేస్తే ఒకదాని తోక పక్కన ఇంకోదాని సన్నటి బాడీ వస్తుంది. తోకలో సగం 250, బాడీలో సగం 60, ఎడం 20: గూటానికీ గూటానికీ 330 చాలు. మొత్తం 1160 మి.మీ. గోడలో మూడూ సరిపోతాయి. దాదాపు 40 సెంటీమీటర్లు మిగిలినట్టు.

రెక్క బాడీలోకి గొట్టంతో దూరే మోడళ్లకు ఈ ఖాళీ ఉండదు. వాటికి ఆ గొట్టాన్నే బాడీలో అడ్డంగా ఉంచి, రెండు కొసలకూ పట్టీ వేసి వేలాడదీయండి. ప్రొపెల్లర్ పట్టుకుని వేలాడదీసే అలవాటు చాలామందికి ఉంది. కిలో లోపు మోడళ్లకు పెద్ద నష్టం ఉండదు. బరువైనవాటికి వద్దు. బిగింపు మీద ఆధారపడే ప్రొపెల్లర్ అడాప్టర్ అంతకాలం లాగుతూ ఉంటే జారొచ్చు. అసలు ఇంట్లో ఉన్నంతసేపూ ప్రొపెల్లర్ విప్పి పెట్టడమే మేలు. 250 మి.మీ. చోటు మిగులుతుంది. గదిలో సర్వోలు సరిచూస్తుంటే పొరపాటున మోటారు తిరిగినా ఎవరి వేళ్లూ తెగవు.

బాడీ లోపల ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. ఐలరాన్ వైర్లను ప్రతిసారీ రిసీవర్ (రిమోట్ సంకేతాలు అందుకునే పరికరం) పిన్నుల నుంచి పీకి పెడుతుంటే ఆ పిన్నులు వదులవుతాయి. 100 మి.మీ. ఎక్స్‌టెన్షన్ వైరు రిసీవర్‌కు శాశ్వతంగా గుచ్చేసి, దాని కొసను రెక్క ఖాళీలోకి తెచ్చి పెట్టండి. అరిగితే అది అరుగుతుంది.

వేడి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఎండ తగిలే కిటికీ పక్కన, రేకుల పైకప్పు కింద, మూసిన కారులో ఏ విమానమూ ఉండకూడదు. ఫోమ్ పొంగి బొబ్బలెక్కుతుంది, ఫిల్మ్ ముడతలు పడుతుంది, తెల్ల ఫోమ్ ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది. తేమ విషయంలో జనం మోసపోయే చోటు బయటి గోడ. చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ గోడకు ఆనుకున్న వైపు తేమ చేరుతుంది. బాల్సా ఒక వైపు తేమ తాగి, ఇంకోవైపు తాగకపోతే మెలిపడుతుంది. గోడకూ సామానుకూ మధ్య 25 మి.మీ. గాలి ఆడాలి. దుమ్ముకు పాత నూలు దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ కవరు వద్దు.

ఇక బ్యాటరీలు. చిన్న ఇంట్లో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పైన చెప్పినవన్నీ తప్పినా పోయేది ఒక రెక్క. ఇక్కడ తప్పితే గది పోతుంది.

ఈ విమానాల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ పూర్తి చార్జిలో 4.20 వోల్టులు. దాచి ఉంచాల్సింది 3.80 నుంచి 3.85 మధ్య. 3ఎస్ ప్యాక్ (మూడు సెల్‌లు వరుసగా కలిపినది) అయితే మొత్తం 11.4 నుంచి 11.55. 4ఎస్ అయితే 15.2 నుంచి 15.4. 6ఎస్ అయితే 22.8 నుంచి 23.1. నిండా చార్జి చేసి వారాలపాటు వదిలేస్తే లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, ప్యాక్ ఉబ్బుతుంది, లోపలి నిరోధం పెరిగి జోరు తగ్గుతుంది. మరీ ఖాళీగా వదిలేస్తే సెల్ 3 వోల్టుల కిందికి జారి, మళ్లీ చార్జి చేయడం ప్రమాదకరమవుతుంది.

ఇవన్నీ అందరికీ తెలుసు. అయినా చేయరు. ఎందుకంటే చార్జర్‌లో ప్యాక్‌ను ఈ దాచే వోల్టేజీకి తెచ్చే స్టోరేజ్ మోడ్ చాలా నెమ్మది. 2200 ఎంఏహెచ్ 3ఎస్ ప్యాక్‌లో సుమారు 24 వాట్-అవర్లు ఉంటాయి. అందులో సగం దించాలి. చిన్న చార్జర్లు 5 వాట్లే దించగలవు. అంటే ఒక్క ప్యాక్‌కు రెండు గంటలు దాటుతుంది. ఆరు ప్యాకులుంటే ఎవరికి ఓపిక? దీనికి మందు చార్జి చేసే వేళలో ఉంది. ముందురోజు రాత్రి కాకుండా ఎగరేసే రోజు ఉదయమే చార్జి చేయండి. వాన పడి ప్రయాణం మానుకుంటే చార్జి కాని ప్యాకులు చార్జి కాకుండానే ఉంటాయి. 2200 ప్యాక్‌కు 1సీ (ఖాళీ ప్యాక్ గంటలో నిండే వేగం) అంటే 2.2 ఆంపియర్లు. స్టోరేజ్ నుంచి నిండడానికి ముప్పావు గంట చాలు. మనిషి నిద్రపోతుండగా చార్జింగ్ జరగకూడదన్న నియమం కూడా దీంతో దానంతటదే అమలవుతుంది.

ప్యాక్‌ను విమానంలో వదిలేయొద్దు. స్విచ్ ఆపేశాం కదా అనుకుంటారు. చాలా ఈఎస్‌సీల్లో (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరాల్లో) ఆ స్విచ్ రిసీవర్‌కు వెళ్లే కరెంటును మాత్రమే ఆపుతుంది, ఈఎస్‌సీ బ్యాటరీ నుంచి కొద్దిగా తాగుతూనే ఉంటుంది. కొన్ని వారాల్లో ప్యాక్ చచ్చిపోతుంది. కనెక్టర్ విప్పి, దానికి ప్లాస్టిక్ మూత పెట్టి, బయటికి తీయాలి.

ఎక్కడ పెట్టాలి? పడకగదిలో కాదు. ఇంట్లోంచి బయటపడే దారిలో కాదు. కర్టెన్ కింద, బట్టల మధ్య అసలే కాదు. ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు కొందరికుంది. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, మానేయండి. మందపాటి ఇనుప పెట్టె మంచిది. లోపల అన్ని వైపులా సిమెంటు బోర్డు ముక్కలు అమర్చి, ప్యాకుకూ ప్యాకుకూ మధ్య కూడా ఒక ముక్క నిలబెట్టండి. మూతకు రబ్బరు గ్యాస్కెట్ ఉంటే తప్పకుండా పీకేయండి. గాలి ఆడని పెట్టెలో ప్యాక్ మండితే వాయువు పోవడానికి దారి లేక పెట్టే పేలుతుంది. పెట్టె లోపల, ప్యాకుల పైన, పలచటి ప్లాస్టిక్ సంచిలో పొడి ఇసుక పెట్టండి. మంటకు సంచి కరిగి ఇసుక ప్యాకుల మీద పడుతుంది. ఇసుక సెల్ లోపలి చర్యను ఆపదు, చుట్టుపక్కల అంటుకోకుండా చూస్తుంది. లైపో బ్యాగులు కూడా అంతే, మంటను కొంత ఆపుతాయి, పొగను ఆపవు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చకూడదు. పెట్టె పైన గోడకు పొగ అలారం ఒకటి బిగించండి. నీడ ఉన్న, వాన తగలని బాల్కనీ ఉంటే పెట్టె అక్కడే ఉండనివ్వండి.

రెండు నెలలకోసారి వోల్టేజీ చూపే చెకర్ గుచ్చి ఒక్కో సెల్ చూడండి. సెల్‌కూ సెల్‌కూ 0.05 వోల్టు మించి తేడా ఉంటే బ్యాలెన్స్ చేయండి, అంటే చార్జర్‌తో అన్నీ సమం చేయండి. బ్యాలెన్స్ చేశాక కూడా అదే సెల్ మళ్లీ పడిపోతుంటే ఆ ప్యాక్ పని అయిపోయినట్టే. ఉబ్బినదాన్ని నొక్కి సరిచేయాలని చూడొద్దు, గుచ్చి గాలి తీయాలని అసలు చూడొద్దు. 3ఎస్ ప్యాక్ అయితే 12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బు ఒకటి తగిలించి, ఆరుబయట, దగ్గర కూర్చుని సున్నా దాకా దించి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వండి.

ఇంధనం గురించి రెండు ముక్కలు. చిన్న గ్లో ఇంజిన్లలో పోసే గ్లో ఇంధనంలో మిథనాల్ ఉంటుంది. పగటి వెలుతురులో దాని మంట దాదాపు కనబడదు. పెట్రోల్ ఆవిరి నేల వెంట పాకుతుంది. ఈ రెంటిలో ఏదీ నివసించే గదిలో డబ్బాతో ఉండకూడదు. ఇంజిన్ మోడల్‌ను లోపలికి తేవాలంటే ట్యాంకు వంచేసి, ఇంజిన్ ఆగేదాకా నడిపి, నాలుగు చుక్కల ఆఫ్టర్‌రన్ నూనె (ఇంజిన్ నడిపాక తుప్పు పట్టకుండా వేసేది) వేసి చేత్తో తిప్పండి. లేకపోతే మిగిలిన ఇంధనం తేమను లాక్కుని బేరింగులు తుప్పు పడతాయి. పిస్టన్‌ను కింది కొసకు తెచ్చి వదలండి. పైకొసలో స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) బిగుతుగా ఉంటుంది, అక్కడ పట్టేసుకుంటే తిప్పడం కష్టం. ఒకే గది ఇల్లయితే ఎలక్ట్రిక్ తప్ప వేరే ఆలోచన వద్దనే అంటాను.

ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి: అద్దె ఇల్లండీ, గోడకు మేకు కొట్టనివ్వరు. ఎలా?

పీవీసీ పైపు స్టాండు చేసుకోండి. 25 మి.మీ. మందపు పైపు 9 మీటర్లు కొంటే సరిపోతుంది. 1.6 మీటర్ల నిలువు పైపులు రెండు, వాటి మధ్య 780 మి.మీ. అడ్డం పైపులు రెండు, ముందుకు వచ్చే 300 మి.మీ. చేతులు ఎనిమిది, కింద ముందుకూ వెనక్కూ 300 చొప్పున కాళ్లు నాలుగు. టీలు 12, ఎల్బోలు 2, మూతలు 12. కాళ్లలో ఇసుక నింపి మూతలు అతికించండి, లేకపోతే రెక్కలు పెట్టగానే ముందుకు తూలుతుంది. చేతులకు ఫోమ్ తొడుగు వేసి, అతికించేటప్పుడే కొద్దిగా పైకి ఎత్తి పెట్టండి. పీవీసీ కూడా కాలక్రమంలో వాలుతుంది.

సభలోంచి: సీలింగ్‌కు వేలాడదీస్తే కింద చోటంతా మిగులుతుంది కదా?

మిగులుతుంది. గదిలో వేడి ఎక్కువుండేది కూడా అక్కడే. బాల్సా మోడల్‌కు ఫర్వాలేదు, ఫోమ్‌కు అంత మంచిది కాదు. చేస్తే మాత్రం చేపల దారం వాడొద్దు, ఫోమ్‌ను కోసేస్తుంది. 25 మి.మీ. వెడల్పు నైలాన్ పట్టీలు రెండు, ఒకటి రెక్క ముందు, ఒకటి వెనక. తోక దగ్గర పట్టీ వేస్తే వెనక బాడీ వంగుతుంది. ఫ్యాన్ రెక్కలకు దూరంగా, పడుకునే చోటికి దూరంగా.

సభలోంచి: ఇప్పటికే మెలిపడిన రెక్కను ఏం చేయాలి?

ముందు కొలవండి. చదునైన బల్ల మీద రెక్క మొదలును బరువుతో నొక్కి, కొస దగ్గర ముందంచు ఎత్తు, వెనకంచు ఎత్తు రాసుకోండి. రెండో సగానికీ అంతే. తయారీలోనే కొంత మెలి ఇచ్చి ఉంటారు, అది ఉండనివ్వాలి. కుడి ఎడమల మధ్య తేడానే చూడాలి. 200 మి.మీ. వెడల్పు కొస దగ్గర 3 మి.మీ. తేడా అంటే దాదాపు ఒక డిగ్రీ. రిమోట్‌లో ట్రిమ్‌తో (కదిలే పలకలను కొద్దిగా సర్దే మీట) తిన్నగా ఎగురుతుంది, కానీ నెమ్మదిగా దిగేటప్పుడు ఎక్కువ కోణంలో ఉన్న కొస ముందు స్టాల్ అయి, అంటే పైకెత్తే బలం కోల్పోయి, ఆ వైపు పడిపోతుంది. ఫోమ్ అయితే హెయిర్ డ్రయ్యర్‌తో రెండు వైపులా సమంగా వేడిచేసి, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువగా ఎదురు దిశలో తిప్పి, పూర్తిగా చల్లారేదాకా పట్టుకోండి. వేడిగా ఉండగా వదిలితే పాత చోటికే వెళుతుంది. ఫిల్మ్ వేసిన బాల్సా అయితే ఒకరు ఎదురు దిశలో మెలితిప్పి పట్టుకోవాలి, ఇంకొకరు కవరింగ్ ఇస్త్రీతో పైనా కిందా ఫిల్మ్ బిగించాలి. మర్నాడు మళ్లీ కొలవండి. బాల్సాలో తేమ ఇంకా ఉంటే కొంత వెనక్కి వస్తుంది, అప్పుడు ఇంకోసారి చేయాలి.